సైనస్ చికిత్స: ‘చిన్న ఆపరేషన్’ అనే భ్రమ

ముక్కు దిబ్బడ, నొసటి బరువు, చెంపలలో నొప్పి నెలల తరబడి బాధిస్తే జనం దానిని ‘సైనస్’ అంటారు. నిజానికి సైనస్ అనేది వ్యాధి పేరు కాదు. ముఖపు ఎముకలలో గాలి నిండి ఉండే గది పేరు. ఇటువంటి గదులు ముఖ్యంగా నాలుగు జతలున్నవి. వాటి లోపలి పొర మీది శైలికలు చీమిడిని నిరంతరం ముక్కులోనికి తోస్తుంటాయి. చెంప సైనస్ ద్వారం అడుగున కాక పైభాగాన ఉన్నది. కనుక చీమిడి దానంతట అది జారిపోదు. శైలికలే దానిని ఎగదోయాలి. ద్వారం వాచి మూసుకొన్నదా, లోపల నిలిచిన చీమిడి సూక్ష్మజీవులకు నెలవవుతుంది.

మందులకు లొంగనప్పుడు ఆ ద్వారాన్ని వెడల్పు చేస్తారు. 2005లో అమెరికాలో అనుమతి పొందిన పద్ధతిలో సన్నని గొట్టం చివరనున్న బెలూన్‌ను ద్వారంలో ఉంచి, ద్రవంతో ఉబ్బించి, తరువాత తీసివేస్తారు. ముక్కు లోపల మాత్రమే తిమ్మిరి మందు ఇచ్చి, వైద్యుని గదిలోనే ఈ పని చేయవచ్చు. పూర్తి మత్తు అవసరం తప్పుతుంది. ఇది మెచ్చదగిన ప్రగతియే.

అయితే ‘కోత లేదు, కుట్టు లేదు, భయం లేదు’ అనే ప్రచారంలో మూడవ మాటను విమర్శించక తప్పదు. ముక్కులో కండ పెరిగినవారికి బెలూన్ ఒక్కటే చాలదు. సైనస్‌లకు కన్నూ మెదడూ ఇరుగుపొరుగులు. కొన్నిచోట్ల మధ్య గోడ పలుచని ఎముక మాత్రమే. రక్తం ఆగకపోయినా, మందు వికటించినా ఆదుకొనే సాధనాలు ఆ గదిలోనే సిద్ధంగా ఉండాలి.

అంతకన్న ముఖ్యం పరికరాల శుద్ధి. కంటికి శుభ్రంగా కనిపించడం వేరు, సూక్ష్మజీవిరహితం కావడం వేరు. 100 డిగ్రీల వద్ద మరిగే నీటిలోనూ కొన్ని బాక్టీరియాల సిద్ధబీజాలు బ్రతుకుతాయి. అందుకే ఆటోక్లేవులో ఒత్తిడి పెంచి, 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచుతారు. మన ప్రెషర్ కుక్కరు సూత్రమూ ఇదే. ఆ వేడికి ఆగని ఎండోస్కోపులను రసాయన ద్రావణంలో నిర్ణీత కాలం ముంచాలి. తొందరపడి ముందే తీస్తే శుద్ధి జరిగినట్లు కాదు.

ఈ మాటలకు మా ఇబ్రహీంపట్నమే సాక్షి. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి శిబిరంలో 34 మంది స్త్రీలకు లాపరోస్కోపుతో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. కొద్దిరోజులలోనే నలుగురు మరణించారు. ఆ శస్త్రచికిత్స పొట్టకు, ఇది ముక్కుకు. రెండూ ఒకటి కావు. కాని అదీ చిన్న రంధ్రంతో, కొద్ది నిమిషాలలో ముగిసేదే. అదే రోజు ఇంటికి పోవచ్చునన్నదే. కోత చిన్నదైనంత మాత్రాన ప్రమాదం చిన్నది కాదని దానివల్ల తెలుస్తున్నది. ఆసుపత్రి అన్న పేరే రక్ష కానప్పుడు, వైద్యుని గదికి మరింత జాగ్రత్త అవసరం కదా!

కనుక గది చిన్నదా పెద్దదా అన్నది అసలు ప్రశ్న కాదు. ‘నాకు ఈ చికిత్స అవసరమేనా? పరికరాన్ని దేనితో, ఎంతసేపు శుద్ధి చేశారు? ప్రమాదం వస్తే ఏమి చేస్తారు?’ అని రోగి అడగాలి. ఇది వైద్యుని అవమానించడం కాదు. ఆవిరి పీడనం పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కుక్కరుతోపాటు ఆటోక్లేవును కూడా ప్రస్తావిస్తే, రేపు ఆ ప్రశ్న అడిగే ధైర్యం విద్యార్థికి కలుగుతుంది.