యాన్ టియర్సెన్ చలనచిత్ర సంగీతం: జానపద ఛాయల పరిశీలన

ఫ్రాన్సులోని బ్రెస్ట్ నగరంలో 1970లో జన్మించిన యాన్ టియర్సెన్ ప్రపంచానికి ప్రధానంగా 'అమేలీ' (2001) చిత్ర సంగీతకర్తగా పరిచితుడు. జాఁ-పియెర్ జునె దర్శకత్వం వహించిన ఆ చిత్రంలోని అకార్డియన్ నాదాన్ని 'పాత పారిస్ జానపదం'గా భావించడం పరిపాటి. ఈ భావన ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉంది.

పారిస్‌కు చిహ్నంగా మారిన మ్యూజెట్ నృత్యసంగీతం నిజానికి వలసల ఫలితం. 'మ్యూజెట్' అన్నది తిత్తి వంటి ఒక వాద్యం పేరు. 19వ శతాబ్దిలో ఒవెర్న్ ప్రాంతం నుంచి వచ్చిన శ్రామికులు తిత్తివాద్యాన్ని పారిస్‌కు తెచ్చారు. తరువాత ఇటలీ వలసదారుల అకార్డియన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. కాబట్టి ఈ సంగీతంలో వినిపించే 'స్థానికత' కూడా చరిత్రక్రమంలో ఏర్పడినదే.

'అమేలీ' సంగీతంలో అధికభాగం ఆ చిత్రం కోసం పుట్టినది కాకపోవడం మరో గమనార్హమైన విషయం. 'లా వాల్స్ దె మాంస్త్ర్' (1995), 'ర్యూ దె కాస్కాద్' (1996), 'ల ఫార్' (1998) ఆల్బమ్‌ల నుంచి పలు రచనలను దర్శకుడు స్వీకరించాడు. చిత్ర ఆల్బమ్‌లోని మొదటి రచన పేరుకు 'నేనక్కడికి ఎన్నడూ వెళ్లలేదు' అని అర్థం. ఎన్నడూ చూడని చోటును గుర్తుకు తెచ్చే గుణాన్ని ఆ పేరే సూచిస్తున్నది.

అయితే ఈ సంగీతంలో జానపదత్వం ఎక్కడున్నది? అది అరువు తెచ్చుకున్న బాణీలలో కన్నా నిర్మాణంలో ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న స్వరవాక్యం, దాని ఆవృత్తి, ఒక్కొక్క వాద్యం వచ్చి చేరే పద్ధతి, వాల్ట్జ్‌లలోని మూడు మాత్రల నడక ఇందుకు ఆధారాలు. 'కొంతిన్ దం నోత్ర్ ఎతె' అనే పియానో రచనలో ఎడమచేతి అల్లిక మారకుండా సాగుతుండగా, కుడిచేతి స్వరాలు దానిపై క్రమంగా విస్తరిస్తాయి. 'కొంతిన్' అంటే పిల్లలు లెక్కపెడుతూ పాడుకునే పాట. బొమ్మ పియానో వంటి వాద్యాలను ఎంచుకోవడంలోనూ ఈ బాల్యస్పర్శే ఉంది.

'గుడ్ బై లెనిన్' (2003) ఈ వాదనను బలపరుస్తుంది. వోల్ఫ్‌గాంగ్ బెకర్ దర్శకత్వంలోని ఆ చిత్రానికి టియర్సెన్ సంగీతమే కూర్చాడు. అక్కడ ఇటువంటి ఆవృత్తి శైలి అంతరించిన తూర్పు జర్మనీ స్మృతికి స్వరమైంది. పారిస్ గల్లీలకే చెందినదైతే ఆ సంగీతం బెర్లిన్‌లో ఇమిడేది కాదు.

ఒక వ్యక్తి రచన సామూహిక స్మృతిలా వినిపించడమే టియర్సెన్ సాధించిన విశేషం. దానికి కేవలం 'పారిస్ జానపదం' అని పేరుపెడితే వలస శ్రామికుల చరిత్రా, స్వరకర్త స్వీయ నిర్మాణకౌశలమూ రెండూ మరుగున పడతాయి.