పరలోక నిత్యజీవ శబ్దార్థ విమర్శనము

ఒక మతమందలి పరమార్థము భాషాంతరమునకు వచ్చునపుడు దానికి శబ్దమే వాహనము. ఆ శబ్దము ముందే వేఱొక యర్థమును మోయుచున్నచో, పాతదానిని దింపకయే క్రొత్తదాని నెక్కించుకొనును. తెలుఁగు బైబిలునందలి 'పరలోకము', 'నిత్యజీవము' అను పదములు ఈ దృష్టితోఁ బరీక్షింపఁదగినవి. విశాఖపట్టణమున క్రాన్, డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో సువార్తల యనువాదమునకుఁ బూనిరి. 1818లో శ్రీరాంపురమునఁ దెలుఁగు క్రొత్త నిబంధన అచ్చుపడెను. రెండువందల యేండ్లకుఁ బైగా తెలుఁగునఁ బాదుకొన్న వాఙ్మయమునకు మూలస్తంభములైన పదముల శక్తిని విచారించుట పండితుల విధి.

అనువాదకులు స్వర్గ శబ్దమును ప్రధానముగా గ్రహింపకపోవుట వివేకమే. మన వాఙ్మయమున స్వర్గము పుణ్యఫలము; పుణ్యము క్షీణించినంతనే యచ్చటినుండి పతనము తప్పదు. క్రైస్తవులు చెప్పు పరమపదము కర్మార్జితము గాదు, దానికి క్షయమును లేదు. పునరుత్థానమున వివాహములుండవని యేసు సద్దూకయ్యులకుఁ జెప్పిన సమాధానము (మత్తయి 22) అప్సరోభోగములతోఁ గూడిన స్వర్గభావనకుఁ జాల దూరము. అయినను స్వర్గమును విడిచి చేపట్టిన పరలోక శబ్దము మఱియొక చిక్కును దెచ్చినది.

ఇహమునకు ఇతరమైన లోకము పరలోకము. అది మంచిదో చెడ్డదో పదము చెప్పదు, నరకమును పరలోకమే. చార్వాకుఁడు పరలోకము లేదన్నపుడు స్వర్గనరకములు రెంటిని నిషేధించుచున్నాఁడు. ఇఁకఁ దెలుఁగువాడుకలో 'పరలోకగతుఁడయ్యెను' అనఁగా మరణించెనని యర్థము. ఇట్టి భాషలో, యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనయొక్క తొలి సంబోధనముననే దేవుఁడు పరలోకమందుండు తండ్రిగాఁ బిలువఁబడుచున్నాఁడు. సంప్రదాయ మెఱుఁగని తెలుఁగువాని చెవికిది గతించిన తండ్రిని దలఁచుకొనుటవలెఁ దోఁచిన నది వాని దోషము గాదు.

మూలమునందు హెబ్రీ 'షామయిం', గ్రీకు 'ఊరనొస్' అను పదములు ఆకాశమునకును దేవుని నివాసమునకును సమానముగాఁ జెల్లును. తెలుఁగున ఆదికాండము తొలివాక్యమందు 'ఆకాశము' అనియు, ప్రార్థనయందుఁ 'బరలోకము' అనియు వేఱుపఱచిరి. ప్రకరణానుసారముగా నిట్లు విభజించుట దోషము గాకపోయినను, దానివలనఁ గలిగిన నష్టము గొప్పది. ప్రకటన గ్రంథము ఇరువదియొకటవ యధ్యాయమున క్రొత్త యాకాశము, క్రొత్త భూమి చెప్పఁబడినవి. అందుఁ బరిశుద్ధపట్టణము పైనుండి దిగివచ్చును. దేవుఁడు మనుష్యులతో నివసించును. మానవుఁడు భూమిని వదలి పోవుట యచ్చట నంత్యఫలము గాదు. దేవుని నివాసమే భూమికి వచ్చుట యంత్యఫలము. 'పర' శబ్దమీ యర్థమునకుఁ దెరవేయుచున్నది. మత్తయి వాడిన 'పరలోకరాజ్యము'న కీ చిక్కు మఱియు నెక్కువ. అవే ఘట్టములలో మార్కు, లూకాలు 'దేవుని రాజ్యము' అనిరి. యూదులు దైవనామము నుచ్చరింప వెఱచి యాకాశ శబ్దముచే దేవుని సూచించుట కలదని పెక్కుమంది వ్యాఖ్యాతల మతము. దేవుని పాలన మిచ్చటికే సమీపించినదను వార్త, తెలుఁగున మరణానంతర రాజ్యవార్తగా మాఱుచున్నది.

సిలువమీఁది దొంగకు యేసు వాగ్దానము చేసిన 'పరదైసు'ను అనువాదకులు మార్పక యుంచిరి. అది గ్రీకుభాషకుఁ బ్రాచీన పారసీకమునుండి వచ్చినది. చుట్టును గోడ గట్టిన తోఁట యని దానికి మూలార్థము. అందలి పూర్వభాగము మన 'పరి' యుపసర్గకును, ఉత్తరభాగము ఉపచయార్థకమగు 'దిహ్' ధాతువునకును జ్ఞాతులు. 'పరదేశ' శబ్దమని పామరులు భ్రమించు ప్రమాదమున్నను, ఈ పదము పాత యర్థమును వెంటఁ దేలేదు. తెలియని పదమునకు వివరణ చాలును. తెలిసిన పదమునకు ముందుగా పాత యర్థమును దొలఁగింపవలసియుండును.

'నిత్యజీవము' నిత్యమైన జీవమని కర్మధారయము. ని శబ్దముమీఁద ధ్రువార్థమునఁ ద్యప్ ప్రత్యయము రాఁగా నిత్యశబ్ద మేర్పడునని వార్తికకారుఁడు. గ్రీకు మూలమందలి విశేషణము 'అయోన్' అను యుగవాచినుండి పుట్టినది. అది మన ఆయుశ్శబ్దమునకు జ్ఞాతి. కావున నది కాలదైర్ఘ్యమును మాత్రమే గాక, రానున్న యుగమునకుఁ జెందిన జీవమును దెలుపును. దేవుని నెఱుఁగుటయే నిత్యజీవమని యోహాను సువార్త పదునేడవ యధ్యాయము నిర్వచించుచున్నది. విశ్వసించినవాఁడిప్పుడే మరణమును దాఁటెనని యైదవ యధ్యాయము. ఇందు జీవన్ముక్తిచ్ఛాయ గోచరించినను భేదము స్పష్టము. మనయందు జీవుఁడు స్వభావముచేతనే నిత్యుఁడు. క్రైస్తవమున నిత్యత్వము దేవుఁడిచ్చు వరము. ఈ భేదము నెఱింగి చదివినచో 'నిత్యజీవము' నిర్దుష్టమైన యనువాదము.

అనువాదకుల ప్రజ్ఞ 'పునరుత్థాన' శబ్దమున మఱింతగాఁ గానవచ్చును. పునర్జన్మమనిన వేఱొక దేహమున కర్మవశమునఁ బుట్టుట; పునరుత్థానమనినఁ బడినవాఁడే లేచుట. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునైదవ యధ్యాయమున విత్తనముపమానముగా దేహము రూపాంతరము నొంది లేచునని చెప్పెను. దేహమును విడుచుట గాక దేహమునకే మహిమ గలుగుటను ఈ యొక్క పదము చక్కఁగా మోయుచున్నది.

యోగముకంటె రూఢి బలీయము గదా, క్రైస్తవులలోఁ బరలోక శబ్దమునకు దైవనివాసార్థము రూఢమై యుండఁగా నాక్షేపమేల యని యడుగవచ్చును. రూఢి యా సమాజమునకుఁ బ్రమాణము. ప్రార్థనలోఁ దరతరములుగా నిలిచిన పదమును దొలఁగింపుఁడనుట యవివేకము. అయితే పాఠశాలలోఁ దెలుఁగు చదువు బాలురందఱు నా సమాజమువారు గారు. వారి చేతికి వచ్చు వ్యాఖ్యలలో మత్తయి 'పరలోకరాజ్యము' దేవుని పాలనయే యనియు, క్రొత్త యాకాశమునందలి ఆకాశ శబ్దమును ప్రార్థనయందలి పరలోక శబ్దమును మూలమున నొక్కటే యనియుఁ దెలుపుట యావశ్యకము. ఆ రెండు మాటలు లేనిచోఁ జచ్చినవారి లోకము మాత్రమే పాఠకునికి మిగులును; భూమియు దేహమును నూతనములగునను ప్రధానసిద్ధాంతము వానికిఁ దెలియకయే పోవును.