ఆసుపత్రి పురుళ్లకు నగదు: ఒక పరిశీలన

ఆసుపత్రిలో ప్రసవించిన తల్లికి కొంత నగదు నిచ్చు జననీ సురక్షా యోజన 2005 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. ఆసుపత్రి కాన్పులు తక్కువగా నున్న రాష్ట్రములలో గ్రామీణ స్త్రీకి 1,400 రూపాయలు, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రములలో పేద గ్రామీణ స్త్రీకి 700 రూపాయలు నిర్ణయించిరి. మందస కొండల సవర గూడెముల నుండి గాని, వజ్రపుకొత్తూరు తీరము నుండి గాని కాశీబుగ్గకు బండి మాట్లాడుకొని రావలసిన కుటుంబమునకు అది ఆసరాయే. అయినను పథకపు విలువను బ్రతికి బయటపడిన తల్లీబిడ్డలను బట్టి నిర్ణయింపవలెను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో ఆసుపత్రి కాన్పులు 2005-06లో నూటికి 39, 2019-21లో 89. ఇదంతయు నగదు మహిమయే యనుట తొందరపాటు. రోడ్లు, 108 వాహనములు, ఆశా కార్యకర్తలు కూడ ఆ కాలముననే వచ్చిరి. 2010లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన పరిశీలనలో నగదు వలన ఆసుపత్రి కాన్పులు పెరిగినవని తేలినది. శిశుమరణములు తగ్గినట్లు కొన్ని గణన పద్ధతులలో కనిపించినది గాని, జిల్లాలను పోల్చిన పద్ధతిలో ఆ ఫలితము రూఢి కాలేదు.

దీనికి కారణమేమి? తల్లిని చంపునది ముఖ్యముగా రక్తస్రావము, గుర్రపువాతము. ఇంటి గడప దాటినంత మాత్రమున ఇవి ఆగవు. గర్భాశయమును ముడుచుకొనునట్లు చేయు ఆక్సిటోసిన్ మందును 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచవలెను. శీతలపెట్టె పని చేయనిచోట మందు సత్తువ తగ్గును. నగదు ఈ లోపమును పూరింపజాలదు.

నిబంధనలలోను లోపముండినది. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రములలో 19 ఏండ్లు నిండినవారికే, రెండు కాన్పులకే సొమ్ము దక్కెడిది. పసితనపు తల్లులు, పలుమార్లు ప్రసవించినవారు, అనగా అపాయము హెచ్చుగా గలవారే, వెలియైరి. 2013లో గాని ఈ షరతులు తొలగలేదు.

ఉద్దానమున మరియొక చిక్కు గలదు. ఇచట మూత్రపిండముల వ్యాధి విస్తారము. గర్భిణి మూత్రపిండములు సాధారణము కంటె సుమారు సగము అధికముగా వడపోయును. అందుచే రక్తములో క్రియాటినిన్ తగ్గవలెను. ఇతరులకు మామూలనిపించు అంకె గర్భిణికి హెచ్చరిక కావచ్చును. దీనిని కనుగొనవలసినది నెలనెలా పరీక్షలలో, పురిటినాడు కాదు.

2019-21 నాటికే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 పురుళ్లు ఆసుపత్రులలో జరిగినవి. నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతోనే. సమాజము మొత్తముమీద శస్త్రచికిత్సలు నూటికి 10 దాటిన పిమ్మట మరణములు తగ్గినట్లు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. కనుక ‘ఎక్కడ ప్రసవించినది?’ అను ప్రశ్న ఇక చాలదు. రక్తపుపోటు చూచిరా, రక్తపరీక్ష జరిగినదా, కాన్పైన పిదప రెండు దినములు కనిపెట్టి యుండిరా? సొమ్మును, లెక్కలను ఈ ప్రశ్నలతో ముడిపెట్టినప్పుడే పథకము తన పేరును సార్థకము చేసికొనును.