కిరణం కళ్ళకు మనిషి

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రేడియేషన్ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. గొంతులో గడ్డ తేలిన రైతును గుంటూరు పెద్దాసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రానికో, హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికో తీసుకువెళ్తారు. అక్కడ రోజుకు 2 గ్రేల చొప్పున ఆరేడు వారాల పాటు మొత్తం 60 నుంచి 70 గ్రేల మోతాదు ఇవ్వడం మామూలు. ఆ మోతాదులో తేడా 5 శాతం దాటకూడదని అంతర్జాతీయ రేడియేషన్ ప్రమాణాల సంఘం 1976లోనే సూచించింది. తక్కువైతే గడ్డ మిగులుతుంది, ఎక్కువైతే మంచి కండ మాడుతుంది. మనిషి ఒంట్లోకి కొలిచే పరికరాన్ని దించలేం కాబట్టి, ఆయన బదులు ఒక బొమ్మను బల్ల మీద పెట్టి కిరణాన్ని ముందుగా దాని మీద పరీక్షిస్తారు. ఆ బొమ్మే ఫాంటమ్. దాన్ని త్రీడీ ప్రింటర్ మీద ఏ ప్లాస్టిక్‌తో, ఎలా పోయాలన్నది ఈమధ్య మెడికల్ ఫిజిసిస్టుల చేతుల్లో ఒక సొగసైన పనితనంగా మారింది.

అసలు ప్రమాణం నీళ్ళే. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు గనుక యంత్రం మోతాదును నీటి తొట్టిలోనే నిర్ధారించాలని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమావళి చెబుతుంది. రోజువారీ పరీక్షలకు నీటితో సమానంగా తయారైన ప్లాస్టిక్ పలకలు దొరుకుతాయి. వాటితో చిక్కల్లా ఆకారమే. పలక చదునుగా ఉంటుంది, మెడ ఉండదు. గడ్డం కింద కిరణం ఏటవాలుగా తగులుతుంది, శ్వాసనాళం దగ్గర గాలిలోకి దూరి మళ్ళీ కండలోకి వస్తుంది. ఈ మలుపుల్లో కంప్యూటర్ లెక్క ఎంత నిజమో తేలాలంటే మెడలాంటి మెడే కావాలి. సీటీ స్కాన్‌లోని ఆకారాన్ని తీసుకుని, 0.4 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి కరిగిన ప్లాస్టిక్‌ను పొర మీద పొర వేస్తూ ప్రింటర్ ఆ మెడను కట్టేస్తుంది.

ఆకారం తేలిగ్గానే వస్తుంది. పనివాడి ప్రతిభ తెలిసేది లోపలి సరుకులో. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ మొక్కజొన్న లాంటి పంటల పిండి పదార్థం నుంచి తయారవుతుంది. చౌక, వాసన లేదు, అంచులు లేవకుండా బుద్ధిగా ప్రింట్ అవుతుంది. చూపుకు, చేతికి గట్టి సరుకు. చికిత్సలో వాడే 6 మెగావోల్టుల కిరణానికి మాత్రం ఇవేవీ పట్టవు. ఆ శక్తి దగ్గర కిరణం ప్రధానంగా ఎలక్ట్రాన్లను ఢీకొని చెదురుతుంది కాబట్టి, ఒక ఘనపు సెంటీమీటరులో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నదే దానికి లెక్క. పీఎల్‌ఏ సాంద్రత 1.24. దాని రసాయన కూర్పుతో కలిపి లెక్కేస్తే ఎలక్ట్రాన్లు నీటి కంటే సుమారు 18 శాతం ఎక్కువ. అంటే 10 సెంటీమీటర్ల గట్టి పీఎల్‌ఏ కిరణానికి 11.8 సెంటీమీటర్ల నీరు. ఆ లోతుల్లో కిరణం సెంటీమీటరుకు దాదాపు 4 శాతం తగ్గుతుంది కనుక, ఈ ఒక్క తేడా వల్లే కొలత 7 శాతం దాకా పడిపోతుంది. పైన చెప్పిన 5 శాతం హద్దు అక్కడే దాటిపోయింది.

ఏబీఎస్ సాంద్రత 1.04. దాని ఎలక్ట్రాన్ల లెక్క నీటికి ఒకటి రెండు శాతం దూరంలోనే ఉంటుంది. పాలిస్టైరిన్ జాతి ప్లాస్టిక్కులూ అంతే. ఈ ఒక్క అంకె చూస్తే ఏబీఎస్‌దే పైచేయి. కాకపోతే అది చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. పెద్ద ముక్క పోస్తే మూలలు పైకి లేస్తాయి, పొరలు విడిపోతాయి, గది నిండా ఘాటు వాసన వస్తుంది. మూసిన పెట్టె, వేడి పళ్ళెం లేకుండా దాని జోలికి పోలేరు.

అందుకే నేర్పరులు పీఎల్‌ఏనే తీసుకుని, దాని లోపల గాలిని కొలతగా కలుపుతారు. ప్రింటర్ ముక్కను పూర్తిగా నింపక్కర్లేదు, లోపల వల అల్లవచ్చు. జిన్నింగు మిల్లు దగ్గర ఒకే పత్తి బోరెంలో వదులుగా, ప్రెస్ చేసిన బేలులో బిగువుగా ఉన్నట్టే, ఒకే ప్లాస్టిక్‌తో ఎన్నో సాంద్రతలు తేవచ్చు. సుమారు 85 శాతం నింపితే పీఎల్‌ఏ సగటున నీటితో సమానమవుతుంది. 20 శాతం దగ్గరకు దించితే ఊపిరితిత్తి అవుతుంది. ఎముకకు పాలరాయి పొడి కలిపిన ఫిలమెంట్ వాడతారు. అందులోని కాల్షియం ఎముకలోనూ ఉన్నదే.

ఈ సగటులోనే ఒక మోసం దాగి ఉంది. గళ్ళ వల నిలువునా ఒకే చోట పేరుకుంటే, గోడల వెంట పోయే కిరణం గట్టి ప్లాస్టిక్‌ను, పక్కనే గడి వెంట పోయేది గాలిని దాటుతుంది. సగటు సరిగ్గానే ఉన్నా లోపలి కొలత చోటును బట్టి మారిపోతుంది. తెలిసినవాళ్ళు గళ్ళను చిన్నవి చేస్తారు, ముక్కను కిరణానికి అడ్డంగా తిప్పి పోస్తారు, లేదా గైరాయిడ్ అల్లిక ఎంచుకుంటారు. 1970లో నాసాలో పనిచేస్తూ అలాన్ షోన్ వివరించిన ఆ వంకర తలం దాదాపు అన్ని దిక్కులకూ ఒకేలా కనిపిస్తుంది. బయటి గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి వాటి వంతునూ సగటులో కలిపి లెక్కేస్తారు.

రంగు కూడా సరుకులో భాగమే. తెల్లదనం కోసం కలిపే టైటానియం డయాక్సైడ్‌లోని టైటానియం పరమాణు సంఖ్య 22. కార్బన్ 6, ఆక్సిజన్ 8 ఉన్న ప్లాస్టిక్‌లో అది కొద్దిగా కలిసినా సీటీ చిత్రంలో తేడా వస్తుంది. సీటీ వాడే తక్కువ శక్తి కిరణాలకు పరమాణు సంఖ్య పట్టింపు ఎక్కువ. పైగా సీటీ అంకెను ఎలక్ట్రాన్ సాంద్రతగా మార్చే పట్టికను కణజాలాల కోసం కట్టారు, అది ప్లాస్టిక్‌కు సరిగ్గా అతకదు. దాన్ని గుడ్డిగా నమ్మకుండా ఎలక్ట్రాన్ సాంద్రతను చేత్తో నమోదు చేయడం మంచి ఫిజిసిస్టు లక్షణం. విశాఖలో భౌతిక శాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద అణుభౌతిక ప్రయోగశాల నెలకొల్పిన కాలం నుంచీ, ఏ పదార్థం గామా కిరణాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచే విద్య మన తెలుగువాళ్ళకు కొత్త కాదు.

ఇక మన ఎండ సంగతి. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రెంటచింతల ఎండలున్న ఈ మైదానంలో, మే నెలలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల ఆ వేడి అసాధారణం కాదు. అలాంటి కారులో ఒక మధ్యాహ్నం ఉంచిన ఫాంటమ్ వంగిపోతే కన్ను పట్టకపోవచ్చు, మోతాదు కొలిచే చాంబర్ దూరే రంధ్రం మాత్రం చెడుతుంది. ఏబీఎస్ 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. బాపట్ల వైపు సముద్రపు తేమ ఇంకో పరీక్ష. ఫిలమెంట్ తేమ పీలిస్తే ప్రింటర్ మూతి దగ్గర చిటపటమంటూ బుడగలు కట్టి, లెక్కలో లేని గాలి ముక్కలో చేరుతుంది. వేడిచేసి ఆరబెట్టి, సిలికా జెల్‌తో డబ్బాలో మూసి ఉంచడం ఇక్కడ పనిలో భాగం.

సాధారణంగా వాడే ఈ అయొనైజేషన్ చాంబర్ లోపలి గాలి 0.6 ఘనపు సెంటీమీటర్లే. ప్రింటర్ పోసిన రంధ్రం సాధారణంగా గీసిన కొలత కంటే కాస్త ఇరుకుగా వస్తుంది. వదులు చేసి పోస్తే చాంబర్ చుట్టూ అదనపు గాలి మిగులుతుంది. అందుకని ఇరుకుగానే పోసి, రీమర్‌తో నిదానంగా సాపు చేసి, చాంబర్ బిగువుగా, గీత పడకుండా జారేలా చేస్తారు. బయట ఎంత నునుపున్నా, ఈ రంధ్రం దగ్గరే పనివాడి చేయి తెలిసిపోతుంది.

ప్రింటర్ తెర మీద 100 శాతం అని పడినంత మాత్రాన ముక్క నూరు శాతం నిండదు. దాని నిజం తక్కెడ చెబుతుంది. 5 సెంటీమీటర్ల పీఎల్‌ఏ ఘనం 155 గ్రాములు తూగాలి. 147 తూగితే లోపల 5 శాతం గాలి ఉన్నట్టు. తరువాత సీటీలో పొర పొరా చూసి బుడగలు వెతుకుతారు. చివరికి యంత్రం కింద పెట్టి, నీటి తొట్టిలో వచ్చిన కొలతతో సరిపోలుస్తారు. కొత్త ఫిలమెంట్ చుట్ట తెచ్చిన ప్రతిసారీ, కంపెనీ అదే అయినా, మళ్ళీ మొదటి నుంచి.

ఇందులో ఖరీదైన సాధనం ఆసుపత్రి యంత్రమే. ప్రింటర్లు మన ఇంజనీరింగ్ కళాశాలల వర్క్‌షాపుల్లో ఉన్నాయి, తక్కెడ ఎక్కడైనా దొరుకుతుంది. ఫిజిసిస్టు ఎలక్ట్రాన్ లెక్క, వర్క్‌షాపు మేస్త్రి చేతి నేర్పు ఒక బల్ల దగ్గర కలిస్తే మనవాళ్ళ మెడ కొలతలకు సరిపోయే ఫాంటమ్ ఇక్కడే తయారవుతుంది. అది ముఖం తీరు వల్ల గొప్పదవదు. చాంబర్ చూపిన అంకె నీటి తొట్టి అంకెకు ఎంత దగ్గరుందో, దాని విలువ అంత.