వేషంతోనే వెళ్ళిపోయినవాడు

పోస్టరు మీద పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే నటుడంత గొప్పవాడని మనకో లెక్క. ఫ్రెంచి నటుడు జెరార్ ఫిలిప్ ఆ లెక్కకి అందడు.

1947లో వచ్చిన ‘ల ద్యాబ్ల్ ఓ కోర్’ సినిమాతో ఆయన పేరు మోగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మొగుడు సరిహద్దులో ఉండగా ఒక అమ్మాయిని ప్రేమించిన కుర్రాడి కథ. ఆ కుర్రాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ పిల్ల బతుకేమవుతుందో ఆలోచించడు! అయినా యుద్ధం ముగిసిందని ఊరంతా సంబరపడే రోజున, నా మనిషి అని చెప్పుకునే హక్కు లేక ఆమె అంత్యక్రియల్ని చూసే ఆ మొహం చూస్తే తిట్టడానికి నోరు రాదు.

అంత పేరొచ్చాక ఎవరైనా ఏం చేస్తారు? ఈయన 1951లో జాఁ విలార్ నడిపే ప్రజా నాటకశాలలో చేరాడు. సినిమాలతో పోలిస్తే అక్కడిచ్చే జీతం బహు తక్కువ. పేర్లు అక్షరక్రమంలోనే వేసేవారు. టిక్కెట్టు మామూలు జనం కొనగలిగేంత. అక్కడ కోర్నెయ్ నాటకం ‘ల సీద్’లో రోడ్రిగ్ వేషం కట్టాడు. మరుసటి ఏడు 1952లో ‘ఫాన్‌ఫాన్’ అని కత్తియుద్ధాల సినిమా. సరదాగానే ఉంటుంది గానీ, నాకు మాత్రం పేలపిండే.

1959 నవంబరులో ఆపరేషన్ చేస్తే కాలేయంలో కేన్సరని తేలింది. ఆ సంగతి భార్య ఆన్‌కి తెలుసు, ఆయనకి చెప్పలేదు. ఆయన రాబోయే రోజుల గురించి మాట్లాడుతుంటే ఈవిడ నవ్వుతూ వినేది. ఆ నెల 25న పోయాడు. 37 కూడా నిండలేదు. ఇద్దరు పసిపిల్లలు.

1963లో ఆవిడ రాసిన పుస్తకాన్ని ఇంగ్లీషు అనువాదంలో చదివాను. పోయిన భర్తతోనే మాట్లాడుతున్నట్టు రాసింది. ఏడుపు లేదు, సమర్థింపు లేదు. చెప్పకపోవడం తప్పేమోనన్న బాధ మాత్రం దాచలేదు. మా అత్తగారికి జబ్బు పేరు మేమూ చెప్పలేదు. “సంక్రాంతికి కొత్త బియ్యం తెప్పించవే” అంటే “అలాగే అత్తయ్యా” అన్నాను. ఆవిడకి తెలిసే అడిగిందేమోనని ఈ పుస్తకం చదివాకే అనుమానమొచ్చింది.

మధ్యధరా సముద్రానికి దగ్గర్లో రామత్యుయేల్ అనే చిన్న ఊళ్ళో ఆయన్ని పూడ్చారు. ఒంటిమీద సినిమా వేషం కాదు, రోడ్రిగ్ దుస్తులున్నాయి.