ఒంటిని తిరిగి ఇచ్చే పని

అక్రమ రవాణా చెర నుంచి బయటపడిన అమ్మాయికి కేసు, కౌన్సెలింగ్, కుట్టుపని ఏదో ఒకటి దొరుకుతుంది. ఇతరులు సరుకు చేసిన ఒంటిని మళ్లీ తనది చేసుకోవడం నేర్పేవాళ్లే అరుదు. సోహిని చక్రవర్తి 2004లో స్థాపించిన కోల్‌కతా సంవేద్ అనే సంస్థ ఆ పనిని నృత్యంతో చేస్తోంది. ఇలాంటి తరగతిలో టీచరమ్మ అడుగులు దిద్దదు. అందరినీ గుండ్రంగా నిలబెడుతుంది, ఊపిరి గమనించమంటుంది, ఒకరి కదలికను ఎదుటివారి చేత అనుకరింపజేస్తుంది. చెయ్యి తగలడం ఇష్టం లేకపోతే పక్కకు జరగొచ్చు. ఆ ‘వద్దు’ చెల్లుబాటు కావడమే నా దృష్టిలో అసలు వైద్యం.

డాన్సుతో గాయాలు మానతాయా అంటారు. మందులకూ న్యాయానికీ ఇది బదులు కాదు, నిజమే. ఆ అమ్మాయిని వేదికెక్కిస్తే మళ్లీ నలుగురి చూపులకు అప్పగించినట్టేనన్న అభ్యంతరం ఇంకా బరువైనది. అయితే ఏది చూపాలో, ఎక్కడ ఆపాలో ఆమే తేల్చుకున్నప్పుడు చూసేవాళ్ల పెత్తనం పోతుంది. సంవేద్‌లో నేర్చుకున్న బాధితులే కొందరు శిక్షకులై ఇతరులకు నేర్పుతున్నారు. ఆ పనికి తగిన జీతం, గౌరవం దక్కాలి.