పటము ఎవరి పక్షము?

బాటసారికి త్రోవ చూపుట పుణ్యమని మన పెద్దలు చెప్పుదురు. త్రోవ చూపి తన యంగడికే రప్పించుకొనుట వ్యాపారము. వ్యాపారము పాపము కాదు. కాని ఈ రెంటికిని గల భేదమును మనము మరువరాదు.

మోటారుకార్లు క్రొత్తగా వచ్చిన దినములలో దారిపటములను పంచినవారిలో హోటలు యజమానులును, టైర్ల వర్తకులును కలరు. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సోదరులు 1900లో ఒక మార్గదర్శిని అచ్చొత్తించి సుమారు 35,000 ప్రతులను ఉచితముగా పంచిరి. పటములు, హోటళ్ళు, పెట్రోలు దొరకు తావులు, టైరు మార్చు విధానము అందు కలవు. బండి ఎంత తిరిగిన టైరు అంత అరుగునుగదా! అమెరికాలో వాటర్‌బరీ పట్టణపు ఎల్టన్ హోటలు మొదలుగా న్యూ ఇంగ్లండు కొండలను చుట్టివచ్చు మార్గమునకు హోటలువారు ‘ఐడియల్ టూర్’ అని పేరిడి ప్రచారము చేసిరి. ఆదర్శయాత్ర యనగా తమ హోటళ్ళలో బసచేయు యాత్రయే!

ఈ పటములు నిష్ప్రయోజనములని నేననను. తెలియని దేశమున భయము తీర్చినవి; జేబులో నిముడునవి. అయినను పటమునందు చూపినదానికంటె చూపనిదానినే విమర్శకుడు వెదకవలెను. మిషెలిన్ వారు 1920లో తమ గ్రంథమునకు వెల నిర్ణయించి, హోటళ్ళ ప్రకటనలను తొలగించిరి. చదువరి వెల యిచ్చిననాడే గ్రంథము చదువరి పక్షమైనది.

మన భాషలో ఇట్టి చదువరి పక్షపు గ్రంథము అంతకు ముందే కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, తిరుపతి మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. ఏ యూర నీరు మంచిది, ఎచ్చట సరకులు దొరకును, ఎచ్చట దిగుటకు వసతి కలదు అని ఆయన వ్రాసిరి. దినచర్య వరుసలో సాగుటచే కావలసిన యూరు వెంటనే చిక్కదు. అది దాని లోపము. కాని అందలి మాటకు ఎవరును సొమ్ము చెల్లింపలేదు.

కొన్నియేండ్ల క్రిందట ఆవడి నుండి తిరుత్తణికి సకుటుంబముగా పోతిమి. ఒక వసతిగృహమువారి పటములో వారి భవనము కొండమెట్ల చెంతనే యున్నది. నమ్మి దిగితిమి. మెట్లు రెండు మైళ్ళ దూరమున నున్నవి. మోకాళ్ళ నొప్పితో నా భార్య ఎండలో నడచిన నడక నేటికిని నాకు జ్ఞాపకము. నలువది యేండ్లు దస్తరములు దిద్దిన నేను ఆ కాగితము క్రింద ఎవరి సంతకమున్నదో చూడకపోతిని!

నేటి చేతిఫోను పటములందును సొమ్ము చెల్లించిన యంగళ్ళు ముందు కానవచ్చును. మన మనుమలకు తిరువళ్ళూరు, తిరుత్తణి త్రోవ వాటివలననే తెలియుచున్నది. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదనియు, సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో జన్మించిన తావనియు ఏ హోటలు పటము చెప్పును? చెప్పినందున దానికి అద్దె రాదు. కావున మన పెద్దలకు తెలిసిన సత్రములు, బావులు, గుడులు, తెలుగువారి వీథులు గుర్తించిన పటమొకటి మనమే వ్రాసికొనవలెను. అది అందముగా లేకున్నను లోపము లేదు. దూరములు మాత్రము నిజమై యుండవలెను.